దేవరకొండలో ఫ్రిజ్ రిపేరు: గ్యాస్ నింపిన 12 రోజులకే చల్లదనం పోయింది, మంచి మెకానిక్‌ని ఎలా పట్టుకోవాలి?

కోటకాడి అక్క, దేవరకొండ

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ, ఖిలా కింద పాత ఇళ్ల వైపు. నేను ఇంట్లోనే బ్లౌజులు, లంగాలు కుడతాను. మా ఆయన ఆటో నడుపుతారు. మా ఫ్రిజ్ సంగతి ఓపికగా చదివి ఎవరైనా దారి చెప్పండి.

2017 దసరాకి నల్లగొండలో కొన్నాం. సింగిల్ డోర్, 190 లీటర్లు. ఇన్నేళ్లలో ఒక్క రోజు సతాయించలేదు. ఈసారి ఉగాది దాటిన వారానికి కింది అరల్లో చల్లదనం తగ్గడం మొదలైంది. పొద్దున కాచి పెట్టిన పాలు సాయంత్రానికి విరుగుతున్నాయి. దోసె పిండి మధ్యాహ్నానికల్లా పొంగి మూత నెట్టేస్తోంది. పాలు, పిండి పోతే పోయాయి అనుకోవచ్చు. మా అత్తమ్మకు షుగర్, రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటుంది. నెలకు సరిపడా సీసాలు ఒకేసారి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటాం. నాకు ఉన్న టెన్షన్ అంతా దాని గురించే.

ముందు బిల్లు మీదున్న కంపెనీ నంబరుకే ఫోన్ చేశాను. దేవరకొండ వైపు మా మనిషి వారానికి ఒకసారే వస్తాడన్నారు. సరే అని ఎదురుచూశాను. తొమ్మిదో రోజు "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. మా గడప తొక్కిన మనిషి లేడు. మళ్లీ ఫోన్ చేస్తే కొత్త ఫిర్యాదు రాసుకుంటాం, మళ్లీ వారం ఆగండి అన్నారు.

ఎండలు ముదిరిపోతున్నాయి, ఇక ఆగలేక ఇక్కడే తెలిసినవాళ్లు చెప్పిన ఒకతన్ని పిలిపించాం. ఆయన వచ్చి, వెనక చెయ్యి పెట్టి చూసి, గ్యాస్ అయిపోయింది అన్నాడు. ఎక్కడ లీకైందన్నా అని అడిగాను. ఫ్రిజ్ నడుస్తుండగానే సబ్బు నురగ పైపుల మీద రాశాడు. బుడగ రాలేదు. "లీకేజీ లేదక్కా, పాతబడితే గ్యాస్ తగ్గుతుంది" అని చిన్న డబ్బాతో గ్యాస్ ఎక్కించాడు. ముప్పావు గంటలో పని అయిపోయింది. 3,800 రూపాయలు తీసుకున్నాడు. బిల్లు ఇవ్వలేదు.

ఆ రాత్రి ఐస్ గడ్డ కట్టింది. మా చిన్నోడు సంబరపడ్డాడు. సరిగ్గా 12 రోజులు నడిచింది. పదమూడో రోజు పొద్దున తలుపు తీస్తే లోపల లైటు వెలుగుతోంది, గాలి మాత్రం గదిలో గాలిలాగే ఉంది. ఇప్పుడు చూస్తే ఫ్రీజర్‌లో వెనక ఎడమ మూలన అరచేతి వెడల్పు మేర మాత్రమే మంచు పడుతోంది. మిగతా పలక మీద చెమట కూడా లేదు. వెనక మోటారు మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంది. ఆయనకు ఫోన్ చేస్తే రేపొస్తా అంటాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

మా ఆయన కొత్తది వాయిదాల మీద తీసుకుందాం అంటున్నారు. పిల్లల ఫీజుల నెల ముందుంది, నాకు మనసొప్పడం లేదు. గ్యాస్ నిజంగా పాతబడితే తగ్గుతుందా? మళ్లీ డబ్బులు పెట్టొచ్చా? మన చిన్న ఊర్లలో పని తెలిసిన మనిషిని ఎలా గుర్తుపట్టాలి?

రామగిరి పెద్దాయన, నల్లగొండ

బిడ్డా, ఫ్రిజ్ లోపలి సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. నాకు తెలిసిన కాగితాల సంగతి చెప్తాను.

ఎవరొచ్చి చెయ్యి పెట్టినా బిల్లు అడుగు. తెల్ల కాగితం మీదైనా సరే, తేదీ, చేసిన పని, తీసుకున్న డబ్బు రాసి సంతకం పెట్టించు. ఫోన్‌లో డబ్బు పంపితే ఆ వివరం తుడిచేయకు. కంపెనీ వాళ్లు రాకుండానే ఫిర్యాదు మూసేశారు కదా, ఆ మెసేజ్ కూడా దాచిపెట్టు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే నల్లగొండలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేసు రెండేళ్లలోపు వేయాలి. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, వకీలు లేకుండా నువ్వే మాట్లాడుకోవచ్చు. మా ఇంటి వాషింగ్ మిషన్ విషయంలో నేను అలాగే చేశాను. కమిషన్ దాకా పోకముందే, 1915లో రాసుకున్న నాలుగో రోజుకు మనిషి వచ్చాడు.

మల్లేపల్లి రిపేర్ అన్న

అక్కా, నేను కొండమల్లేపల్లి వైపు ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు, కూలర్లు చేస్తాను. నల్లగొండలో ఉస్తాద్ దగ్గర ఆరేళ్లు ఉండి నేర్చుకున్నాను. ఇప్పటికి ఈ పనిలో 19 ఏళ్లు. మీరు రాసింది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

మొట్టమొదటి మాట. ఫ్రిజ్ గ్యాస్ పాతబడి తగ్గదు. బండిలో పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు అది. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది, ఫ్రిజ్ బతికినన్నాళ్లూ అదే. తగ్గిందంటే ఎక్కడో చిల్లి ఉన్నట్టే. చిల్లి మూయకుండా గ్యాస్ ఎక్కించడం అంటే పగిలిన బిందెలో నీళ్లు పోయడం.

మీరు చెప్పిన గుర్తులు గ్యాస్ తక్కువైందనే చెబుతున్నాయి. క్యాపిలరీ అని వెంట్రుకంత సందున్న సన్న గొట్టం ఉంటుంది, దాని నుంచి గ్యాస్ ఫ్రీజర్ పలకలోకి దూకే చోటే ముందు మంచు పడుతుంది. గ్యాస్ నిండుగా ఉంటే ఆ మంచు పలకంతా పరుచుకుంటుంది. తక్కువ ఉంటే మొదటి మూలలోనే అయిపోతుంది. మీ అరచేతి మంచు అదే. చల్లదనం చాలక థర్మోస్టాట్ మోటారును ఆపదు, అందుకే అది ఆగకుండా నడుస్తోంది. ఈ నెల కరెంటు బిల్లు కూడా పెరిగి ఉంటుంది, చూడండి.

అదే మోటారు "టక్" మని ఆగి, నాలుగైదు నిమిషాలకు మళ్లీ మూలిగి, మళ్లీ "టక్" మంటే లెక్క వేరు. అది మోటారును మొదలుపెట్టే రిలేనో, దాన్ని కాపాడే ఓవర్‌లోడో, లేదా వోల్టేజీనో. యాసంగిలో బాయికాడ మోటార్లన్నీ ఒక్కసారి వేసినప్పుడు మన ఊర్లలో వోల్టేజీ 170కి పడిపోవడం నేను మీటర్ పెట్టి చూశాను. ఇంటికి రావాల్సింది 230. అలాంటి ఇంట్లో స్టెబిలైజర్ లేకపోతే కంప్రెసర్, అంటే ఆ వెనక మోటారే, మొదలవలేక కాలిపోతుంది. మీది ఆ బాధ కాదు. కానీ సాయంత్రం ఫ్యాను మెల్లగా తిరుగుతుంటే కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చేసి రాయించండి, వీధిలో నలుగురు కలిసి రాయిస్తే ఇంకా మంచిది.

ఇక ఆ సబ్బు నురగ సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీరు మోసపోయింది ఇక్కడే. ఆయన కావాలని చేశాడని నేను అనను, పాత ఫ్రిజ్‌ల అలవాటులో చేసి ఉంటాడు.

ఫ్రిజ్ వెనక కంప్రెసర్ దగ్గర ఒక స్టిక్కర్ ఉంటుంది. అందులో గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములో రాసి ఉంటాయి. 2017 ఫ్రిజ్ కాబట్టి ఆర్ 600ఏ అని ఉండే అవకాశం ఎక్కువ. అది ఐసోబ్యూటేన్, మన వంట గ్యాస్ కుటుంబమే. ఈ గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్‌లో, మోటారు నడుస్తున్నప్పుడు ఫ్రీజర్ వైపు ప్రెజర్ బయటి గాలి ప్రెజర్ కంటే తక్కువకు పడిపోతుంది. అంటే ఆ సమయంలో చిల్లి నుంచి గ్యాస్ బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోతుంది. నురగ రాస్తే బుడగ ఎలా వస్తుంది? నురగనే లోపలికి లాగుతుంది. లీకు పట్టాలంటే ఫ్రిజ్ ఆపాలి, లోపలి గ్యాస్ తీసేయాలి, నైట్రోజన్ సిలిండర్ పెట్టి ప్రెజర్ ఎక్కించాలి, అప్పుడు నురగ రాయాలి. చిన్న చిల్లి అయితే ప్రెజర్ మీద గంటల తరబడి వదిలేసి మీటర్ ముల్లు దిగుతుందా అని చూడాలి. ముప్పావు గంటలో అయ్యే పని కాదు.

చిల్లి గుండా గాలి పోయిందంటే తేమ కూడా పోయినట్టే. ఆ తేమ క్యాపిలరీ చివర మంచు ముక్కై అడ్డం పడుతుంది. దాన్నే మేము చోక్ అంటాం. కాసేపు ఆపితే కరిగి మళ్లీ చల్లబడుతుంది, మళ్లీ గడ్డకట్టి ఆగిపోతుంది. అందుకే గ్యాస్ లైన్ ఒకసారి తెరిచాక తేమ పీల్చే ఫిల్టర్ కొత్తది వేయాల్సిందే. దాని తర్వాత లోపలి గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు కనీసం అరగంట నడపాలి. గ్యాస్ త్రాసు మీద తూచి ఎక్కించాలి. ఎక్కేది మొత్తం కలిపి అరచేతిలో పట్టే బరువు, అటూ ఇటూ పది గ్రాములంటే చాలా తేడా. డబ్బా ఊపి చూసి అందాజాగా ఎక్కించే లెక్క దీనికి పనికిరాదు. ఆర్ 600ఏ కంప్రెసర్‌లో ఆర్ 134ఏ అనే వేరే గ్యాస్ ఎక్కించేవాళ్లూ ఉన్నారు. ఒప్పుకోకండి, రెండింటి ప్రెజర్ వేరు, నూనె వేరు.

ఇంకో జాగ్రత్త. ఈ గ్యాస్ అంటుకుంటుంది. వంట గ్యాస్‌కు వాసన కలుపుతారు కాబట్టి లీకైతే ముక్కుకు తెలుస్తుంది. ఫ్రిజ్ గ్యాస్‌కు వాసన కలపరు. కాబట్టి పని వంటింట్లో చేయించొద్దు. వరండాలోకి జరిపించండి, పొయ్యి, దీపం ఏదీ వెలగనివ్వొద్దు. గ్యాస్ పూర్తిగా వెళ్లిపోయాకే మంట ముట్టించాలి.

మంచి మనిషిని ఎలా పట్టుకోవాలని అడిగారు. ఫ్రిజ్ ఆగితే ఆ రోజు బేరం పోయేవాళ్లను అడగండి. మెడికల్ షాపు, పాల కేంద్రం, ఐస్‌క్రీం అమ్మేవాళ్లు, చికెన్ సెంటర్. వాళ్లు ఎవరిని పిలుస్తారో అతన్నే పిలవండి. ఆ మనిషి వచ్చేటప్పుడు త్రాసు, వాక్యూమ్ పంపు, నైట్రోజన్ తెస్తాడా అని ఫోన్‌లోనే అడగండి. అవసరం లేదంటే వేరే మనిషిని చూడండి.

చివరిగా ఒకటి అడుగుతాను, దాపరికం లేకుండా చెప్పండి. ఈ మధ్య ఫ్రీజర్‌లో మంచు గడ్డను ఎవరైనా కత్తితో గాని, స్క్రూడ్రైవర్‌తో గాని గీకారా?

కోటకాడి అక్క, దేవరకొండ

అన్నా, మీ మాట చదివి ఫోన్ పక్కన పెట్టి మా అత్తమ్మను అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఉగాది ముందు రోజు మామిడికాయ ముక్కల డబ్బా ఫ్రీజర్‌లో అతుక్కుపోతే కూరగాయల కత్తితో పెకిలించిందట. "స్స్" అని సన్నగా చప్పుడైంది, ఐస్ కరిగిన చప్పుడనుకున్నా బిడ్డా అంది. అప్పటి నుంచీ తన వల్లేనేమో అని లోపల లోపలే కుమిలిపోతోందట. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కూడా చాలాసార్లు గరిటె కాడతో పొడిచాను, తనను ఏమనను?

బ్యాటరీ లైటు వేసి చూశాం. పలక మీద, మంచు పడే మూలకు బెత్తెడు దూరంలో సూది మొనంత నల్ల చుక్క ఉంది. చుట్టూ గీతలు. వేలు రాస్తే కొద్దిగా జిడ్డు అంటింది.

స్టిక్కర్ కూడా చూశాను. ఆర్ 600ఏ, 38 గ్రాములు అని ఉంది.

మల్లేపల్లి రిపేర్ అన్న

జిడ్డు అంటిందంటే ఇక అనుమానం లేదు. అది కంప్రెసర్ నూనె, గ్యాస్‌తో పాటు చిల్లి నుంచి వస్తుంది. పెద్దమ్మను బాధపడొద్దని చెప్పండి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు నా దగ్గరికి వచ్చేవాటిలో ఈ కత్తి పోటువే ఎక్కువ. ఆ పలక రెండు పలచని అల్యూమినియం రేకులు అతికించి మధ్యలో గ్యాస్ దారి ఉబ్బించి చేసింది. కత్తి మొన తగిలితే చాలు.

మీ ముందు రెండు దారులున్నాయి. చిల్లి చుట్టూ శుభ్రంగా గీకి, ఆరబెట్టి, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు కలిపి మూయడం ఒకటి. తక్కువలో అయిపోతుంది. కొన్ని ఏళ్లు నిలిచినవి ఉన్నాయి, వానాకాలం దాటనివీ ఉన్నాయి. నేను ఎపాక్సీ వేస్తే దానికి గ్యారంటీ ఇవ్వను, ముందే చెప్పేస్తాను. రెండోది పలక మొత్తం మార్చడం. ఖర్చు ఎక్కువే. కానీ ఇంట్లో ఇన్సులిన్ పెట్టుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి నా ఇంట్లో అయితే పలకే మారుస్తాను.

కొత్తది కొనాలా అంటే, కంప్రెసర్ బాగుంటే వద్దు. ఆగకుండా నడుస్తూనే ఉంది అన్నారు, "టక్" మని ఆగుతోందని చెప్పలేదు కాబట్టి అది బాగున్నట్టే ఉంది. కంప్రెసరే పోయి ఉంటే తొమ్మిదేళ్ల ఫ్రిజ్ మీద డబ్బు పెట్టమని నేను చెప్పేవాణ్ణి కాదు. ఒక సంగతి, చాలా కంపెనీలు కంప్రెసర్ మీద పదేళ్ల వారంటీ ఇస్తాయి. మీ వారంటీ కార్డు తీసి చూసుకోండి. అందులో సాధారణంగా కంప్రెసర్ ఒక్కటే వస్తుంది, గ్యాస్, కూలి మనవే.

ఫ్రిజ్ బాగయ్యేదాకా వాడని ఇన్సులిన్ సీసాలు అందులో ఉంచొద్దు. తెలిసిన మెడికల్ షాపులో దాచమని అడగండి.

పాలమూరు వినోదిని

నాదీ ఒక అనుభవం చెప్తాను, వేరే వాళ్లకు పనికొస్తుంది. మాది మహబూబ్‌నగర్, న్యూటౌన్ దగ్గర. మా వాషింగ్ మిషన్ నీళ్లు బయటికి వదలడం లేదని, ఇంటర్నెట్‌లో కంపెనీ పేరు కొట్టి మొదట కనిపించిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. బుకింగ్‌కు 10 రూపాయలు కట్టాలి, లింక్ పంపుతున్నా, ఒక యాప్ వేసుకోండి అన్నాడు. వేసుకుంటున్నాను. ఇంటర్ చదివే మా బాబు అప్పుడే కాలేజీ నుంచి వచ్చి, ఫోన్ చేతిలోంచి లాక్కుని ఆఫ్ చేశాడు. ఆ యాప్ మన ఫోన్ తెరను వాళ్లకు చూపించేదట. బ్యాంకుకు వెళ్లి అడిగితే ఒక్క రూపాయి పోలేదన్నారు. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు.

నంబరు ఎప్పుడూ బిల్లు మీదో, వారంటీ కార్డు మీదో చూసి చేయండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యం చేసేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

చివరికి మా మిషన్‌కు వచ్చిన రోగం ఏంటంటే, కింది జాలీలో ఒక పిన్నీసు, రెండు చొక్కా గుండీలు, మా బాబు జేబులో మరిచిపోయిన కాగితం ముద్ద. నేనే తీసేశాను.

బత్తాయి తోట, చండూరు

మల్లేపల్లి అన్నా, పనిలో పనిగా నాదీ చెప్పండి. మా బోరు నీళ్లకు గీజర్‌లో ఏడాదికో ఎలిమెంట్ కాలిపోతోంది. తోటలో డ్రిప్ పైపుల చుక్కల దగ్గర కూడా తెల్లగా పేరుకుంటుంది. ఫ్లోరైడ్ నీళ్లు కదా, ఏం చేసినా ఇంతే అంటారు మా ఊర్లో. నిజమేనా?

మల్లేపల్లి రిపేర్ అన్న

అన్నా, ఫ్లోరైడ్ మన ఎముకలను, పళ్లను తినేసింది, ఆ కడుపుకోత మునుగోడు, మర్రిగూడ, చండూరు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టారంటే బాధ ఎంతటిదో చూడండి. కానీ మీ ఎలిమెంట్‌ను కాల్చేది అది కాదు. నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం. వేడి తగలగానే అవి సున్నంలా ఎలిమెంట్‌కు పట్టేస్తాయి. ఆ పెచ్చు దాటి వేడి నీళ్లలోకి పోలేదు, ఎలిమెంట్ తనలో తానే కాలి పగిలిపోతుంది. మొన్న ఒక గీజర్ విప్పితే ఎలిమెంట్ బొటనవేలి లావు అయ్యింది, విరగ్గొడితే లోపల అసలు రాడ్డు పెన్సిల్ అంత ఉంది.

మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తుంటే గీజర్‌కు, వాషింగ్ మిషన్‌కు ఆ నీళ్లే పట్టండి, అవి కృష్ణా నీళ్లు, బోరు కంటే చాలా మెత్తన. గీజర్ వేడి 50, 55 డిగ్రీల దగ్గర పెట్టండి, ఎక్కువ పెట్టేకొద్దీ పెచ్చు తొందరగా కడుతుంది. ఏడాదికోసారి విప్పించి నిమ్మ ఉప్పు నీళ్లలో ఎలిమెంట్ నానబెట్టించండి. లోపల మెగ్నీషియం రాడ్డు ఉంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోతుంది. అది అరిగిపోయిందా అని అప్పుడే చూడమనండి, చాలామంది దాని మొహం కూడా చూడరు. వాషింగ్ మిషన్‌లో నీళ్ల పైపు మిషన్‌కు తగిలే చోట చిన్న జాలీ ఉంటుంది, అది నెలకోసారి కడుక్కోండి.

ఇంట్లో ఎర్తింగ్ ఉందా, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఈఎల్‌సీబీ స్విచ్ ఉందా అన్నది మాత్రం ఈ రోజే చూసుకోండి. పగిలిన ఎలిమెంట్ నుంచి కరెంటు నీళ్లలోకి వస్తుంది.

కోటకాడి అక్క, దేవరకొండ

ఆలస్యంగా రాస్తున్నాను, పెళ్లిళ్ల బ్లౌజులతో తీరలేదు.

అన్న చెప్పినట్టే అత్తమ్మ ఇన్సులిన్ కొనే మెడికల్ షాపు ఆయన్ని అడిగాను. మీ ఫ్రిజ్ ఎవరు చూస్తారు అంటే, ఆయనే ఫోన్ కలిపి ఇచ్చాడు. సీసాలు బాగయ్యేదాకా నా దగ్గర ఉంచమ్మా అని వాటి మీద అత్తమ్మ పేరు రాసి పెట్టుకున్నాడు. వాడుతున్న ఒక్క సీసా మాత్రం ఇంట్లో, డాక్టరును అడిగి, మంచినీళ్ల రంజన్ పక్కన తడి బట్ట చుట్టిన మట్టి కుండలో పెట్టుకున్నాం.

ఆ మెకానిక్ తమ్ముడు ఫోన్‌లోనే, త్రాసు తెస్తాను అన్నాడు. పొద్దున పదింటికి వచ్చాడు. ఫ్రిజ్ వరండాలోకి జరిపించి, నన్ను పొయ్యి ఆపమన్నాడు. నైట్రోజన్ పెట్టి ఆ నల్ల చుక్క మీద నురగ రాసి, "రా అక్కా, చూడు" అని పిలిచాడు. ఆవగింజంత బుడగలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. అత్తమ్మ కూడా వచ్చి చూసింది. పలక కొత్తది వేశాడు, ఫిల్టర్ మార్చాడు, పంపు ముప్పావు గంట నడిపాడు. గ్యాస్ డబ్బాను త్రాసు మీద పెట్టి ఎక్కిస్తూ అంకె నాకే చదవమన్నాడు. 38 దగ్గర ఆపేశాడు. పని అయ్యేసరికి సాయంత్రం నాలుగు దాటింది. మొత్తం 5,200 రూపాయలు, బిల్లు రాసిచ్చాడు, పలకకు ఏడాది గ్యారంటీ అని అందులోనే రాయించాను.

కంపెనీ మీద 1915కి కూడా చెప్పాను. రాకుండానే ఫిర్యాదు మూసినందుకు సంజాయిషీ అడిగారట, కంపెనీ వాళ్ల నుంచి ఫోన్ వచ్చింది. మొదట వచ్చిన మెకానిక్‌కు కూడా ఫోన్ చేసి చిల్లి ఎక్కడుందో చెప్పాను, 1,500 తిరిగి పంపాడు.

ఇవాళ్టికి 26 రోజులు. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో రాత్రంతా పెడితే పొద్దున 5 చూపిస్తోంది. సీసాలు షాపు నుంచి తెచ్చుకున్నాం. మంచు పేరుకుంటే స్విచ్ ఆపి, తలుపు తెరిచి, కింద పాత చీర పరిచి కరిగే దాకా కూర్చుంటున్నాం. కూరగాయల కత్తిని అత్తమ్మ తన ట్రంకు పెట్టెలో పెట్టుకుంది, కూర తరిగేటప్పుడు నేను వెళ్లి అడిగి తెచ్చుకుంటున్నాను.